ప్రవరుడు లొంగింది ఎవరికి?
మనుచరిత్ర అనగానే వ్యాఖ్యాతలంతా వరూధిని దగ్గరే ఆగిపోతారు: ఆమె కోరిక, అతని నిష్ఠ. నాకైతే అసలు గుట్టు ప్రవరుడి అరికాళ్లలో ఉందనిపిస్తుంది. అప్సరసను కాదన్న ఈ గృహస్థు అంతకుముందే ఒకసారి లొంగిపోయాడు, ఒక సిద్ధుడి యాత్రాకబుర్లకు. కాళ్లకు పసరు పూయించుకుని అరుణాస్పదపురం నుంచి హిమాలయం చేరాడు. మంచుకు పసరు కరిగి తిరుగుదారి మూసుకుపోయింది. అది కథ నడవడానికి మార్కండేయ పురాణం ఇచ్చిన ఉపాయమే కదా, ప్రతీక ఎక్కడిదని అడగొచ్చు. ఉపాయం పురాణానిదే. కానీ మనుచరిత్ర రాసిన పెద్దన ఆ దూరదేశాల దాహాన్ని వదలకుండా సాగదీశాడు. యాత్రికులొచ్చారంటే చాలు, ఇంటికి పిలుచుకొచ్చి ఊరూరి విశేషాలు గుచ్చి గుచ్చి అడిగే మనిషిగా ప్రవరుణ్ణి దిద్దాడు. అందుకే వరూధిని ముందు అతని బిగువును నేను శుద్ధ నిష్ఠగా చదవలేను. అందులో సగం, గడప దాటినందుకు పడుతున్న కంగారు. చివరికి అతణ్ణి ఇల్లు చేర్చింది రోజూ ఇంట్లో తాను కొలిచిన అగ్నిదేవుడు. ఆ దేవుడికి చేసిన ప్రార్థనలో తన నిగ్రహాన్ని సాక్ష్యంగా పెట్టాడు, నిజమే. అయితే దానికి బదులుగా ప్రవరుడు అడిగిన వరమల్లా పొద్దుగూకేలోగా ఇల్లు చేరడం.