వాటం లేని చదును

అపార్టుమెంటు బుద్ధులు సొంతిల్లు కొన్నాక కూడా పోవు మనకి. పెరడంటే బల్లపరుపుగా ఉండాలి, అంతే. బాడ్మింటన్ నెట్టు కట్టాలి, ఎండాకాలం నలుగుర్ని పిలిచి గ్రిల్లు పెట్టాలి. అట్లాంటాకి ఉత్తరాన మా సబ్‌డివిజన్లో ఈ పిచ్చి పట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణే. కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు, ముందు నన్నే తిట్టుకుంటున్నా.

మా పెరడు వెనక కంచె దగ్గర మెరక, ఇంటివైపు పల్లం. 2024లో ఒక కాంట్రాక్టరు మెరక చెక్కి పల్లంలో పోసి, రెండ్రోజుల్లో క్యారమ్ బోర్డులా చేసిచ్చాడు. ఫొటోలు కూడా తీసుకున్నా. జూలైలో ఒక్క గాలివాన. నీళ్ళు ఎటూ పోలేక గోడకి ఆనుకుని నిలబడ్డాయి. తెల్లారేసరికి బేస్‌మెంటులో కార్పెట్టు తడిసిన గోనెసంచి.

ఇక్కడి ఎర్రమట్టిలో బంక ఎక్కువ. జోరువాన ఇంకదు, పైపైన పారుతుంది. లెక్కేసుకోండి, వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద 1 అంగుళం వాన పడితే 620 గ్యాలన్లు! గోడ నుంచి మొదటి 10 అడుగుల్లో 6 అంగుళాలు వాలు ఉండాలని ఇళ్ళ కోడ్ చెబుతుంది. కోడ్ రాసుకుని బతికే నేను ఆ కోడ్ చదవలేదు.

అసలు సిగ్గుపడాల్సింది ఆ తర్వాత చేసినదానికి. గోడవెంట పైపు వేయించి ఆ నీళ్ళన్నీ పక్కింటి కంచె మూలకి వదిలా. మన బగ్గుని పక్క టీముకి అసైన్ చేసి టికెట్టు మూసేసినట్టు. తర్వాతి ఏడాది పక్కింటి పెద్దాయన టమాటా మడి కొట్టుకుపోయింది. ఆయన కేకలెయ్యలేదు. బురద బూట్లతో వచ్చి "ఇదివరకు ఇటు నీళ్ళు వచ్చేవి కావు" అన్నాడు, అంతే.

"హెచ్‌ఓఏ ఒప్పుకుందిగా" అంటారు మనవాళ్ళు. వాళ్ళు చూసేది కంచె రంగు. సహజంగా పారే నీటిని దిగువవాళ్ళు భరించాలి గానీ, మనం పోగుచేసి వాళ్ళమీదకి వదిలితే జార్జియాలో బాధ్యత మనదే. "రీసేల్‌కి మంచిది" అనేవాళ్ళు, కొనేవాడికి తడిసిన బేస్‌మెంటు కూడా చూపిస్తారా మరి?

మా ఊళ్ళో తాపీమేస్త్రి డాబా మీద బిందెడు నీళ్ళు పోసి, తూము దాకా పోయాయని చూశాకే చేతులు కడుక్కునేవాడు. దాన్ని "వాటం" అనేవాడు. మనక్కావలసిన చదునులోనూ వాటం పెట్టొచ్చండీ. నూటికి 2 చొప్పున, బాడ్మింటన్ కోర్టు వెడల్పు 20 అడుగులకీ కలిపి 5 అంగుళాల లోపే. ఆడేవాడి కాలికి తెలీదు, నీటికి తెలుస్తుంది.

ఈసారి 811కి ఫోన్ చేసి భూమిలో లైన్లకి గుర్తులు పెట్టించా. ఎగువన కంచె వెంబడి వెడల్పాటి కాలవ తవ్వించి, మా స్థలంలోంచే తిప్పి ముందు వీధి డ్రైనేజీలో కలుపుతున్నాం. పెద్దాయన మడికి కొత్త మట్టి నేనే మోస్తున్నా. కోర్టు కాస్త కురచైంది. అవనీ.