అద్దె ఇల్లూ ప్రాథమిక హక్కే

నా పరిశోధక విద్యార్థి ఒకరు గత ఏడాది అద్దె ఇంటి కోసం నగరంలో రెండు నెలలు తిరిగాడు. ఫెలోషిప్ వస్తోంది, అడ్వాన్సు చేతిలో ఉంది. ఇల్లు నచ్చేది, అద్దె కుదిరేది. అంతలో ‘మీరేమిట్లు?’ అన్న ప్రశ్న ఎదురయ్యేది. జవాబు విన్నాక ‘ఇంట్లో అడిగి ఫోన్ చేస్తాం’ అనేవారు. ఆ ఫోన్ వచ్చేది కాదు.

ఇరవై ఏళ్ల కిందట కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ ఆ ప్రశ్న విన్నాను. వేరే కులం పేరు చెప్పి ఇల్లు సంపాదించాను. ఖాళీ చేసేదాకా మా అమ్మను ఆ ఇంటికి రానివ్వలేదు, ఆమె మాటల్లో మా వాడ పేరు బయటపడుతుందన్న భయంతో. ఈ సంగతి నా విద్యార్థికి చెప్పలేకపోయాను.

కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్‌కు 1917లో బరోడాలో ఇల్లు దొరకలేదు. పార్సీ పేరుతో ఒక సత్రంలో తలదాచుకుంటే, కర్రలతో వచ్చినవారు వెళ్లగొట్టారు. ఆయన కొలువునే వదులుకున్నారు. శతాబ్దం దాటినా మనం పేరు మార్చుకుంటూనే ఉన్నాం.

రాజ్యాంగంలోని 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల విషయంలో కుల వివక్షను నిషేధించింది. అందులో అద్దె ఇంటి ప్రస్తావన లేదు. నివాసానికి అడ్డుపడటాన్ని 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నేరంగా పరిగణించింది నిజమే. కానీ నివాసానికి అడ్డుపడ్డారని కోర్టులో రుజువు కావాలి. ‘ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అనే యజమాని మీద ఏం రుజువు చేయగలం? నివాసం జీవించే హక్కులో భాగమని 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పిన సుప్రీంకోర్టే, ఒక గృహ సహకార సంఘం సభ్యత్వాన్ని ఒకే మతస్థులకు పరిమితం చేసుకోవడాన్ని 2005లో సమర్థించింది.

‘నా ఇల్లు నా ఇష్టం’ అంటారు. హోటలూ యజమాని సొంత ఆస్తే. అయినా గిరాకీని కులం అడిగి గెంటే హక్కు అతనికి లేదు. ‘టు-లెట్’ బోర్డు పెట్టి ఇంటిని బజారులో నిలిపిన వ్యక్తికి మాత్రం ఆ హక్కు ఎందుకు ఉండాలి? ఆస్తి హక్కును 1978లోనే 44వ సవరణ ప్రాథమిక హక్కుల నుంచి తొలగించింది. అమెరికా 1968లోనే ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను చట్టంతో నిషేధించింది. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు మన దగ్గర కులాన్ని వడపోసే మర్యాదైన జల్లెడ. ఆ జల్లెడ దళితులతో ఆగదు, ముస్లింలనూ ఆదివాసులనూ పక్కన పెడుతుంది.

కొత్త హక్కులు అసాధ్యమేమీ కావు. విద్యాహక్కు 2002లో 86వ సవరణతోనే రాజ్యాంగంలో చేరింది. అదే విధంగా 15(2)లో అద్దె నివాసాలనూ చేర్చాలి. అంతవరకూ రాష్ట్రాలు తమ అద్దె చట్టాల్లోనే ఈ నిషేధాన్ని పొందుపరచవచ్చు. కులం అడిగాక ఇల్లు నిరాకరిస్తే, కారణం నిరూపించే బాధ్యత యజమానిదే కావాలి. బాధితుడికి జైలు శిక్ష పడిందన్న తృప్తి కంటే ముందు, వారాల్లో తేలే విచారణ, నష్టపరిహారం కావాలి.

నా విద్యార్థికి చివరకు నగర శివారులో గది దొరికింది. రోజూ మూడు గంటలు బస్సులోనే గడుస్తున్నాయి. గ్రంథాలయంలో అతని కుర్చీ సాయంత్రం ఐదింటికే ఖాళీ అవుతోంది.