పెళ్ళికి విజయనగరం వెళ్తున్నారా?

క్రితం నెల మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళికి విజయనగరం వెళ్ళాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. పొద్దున్నే రైలు దిగిన చుట్టాలకు పగలల్లా కాలక్షేపం కావాలి కదా అని ఆడపెళ్ళివారు బస్సు మాట్లాడి అరకు పంపించారు. ఘాట్ రోడ్డు మలుపులకు వాంతులైన పిల్లలూ, నడుములు పట్టేసిన పెద్దలూ సాయంత్రానికి విడిదికి చేరారు. జీలకర్రా బెల్లం వేళకు సగంమంది కుర్చీల్లోనే గుర్రు పెట్టారు.

అరకు మీద నాకు కోపం లేదు. విద్యలనగరమని పేరున్న ఊరికి వచ్చి, ఆ ఊరు చూడకుండా పోవడమే మింగుడుపడలేదు. నేను బస్సెక్కకుండా మా మావయ్యను వెంటబెట్టుకుని ఆటోలో బయల్దేరాను.

కోట 1713 నాటిది. దాని దగ్గరే బొంకులదిబ్బ. గిరీశం మొట్టమొదట మనకు కనబడేది అక్కడే కనుక కాసేపు నిలబడ్డాం. మహారాజా కళాశాలను బయటినుంచే చూశాం. 1919లో పెట్టిన సంగీత కళాశాల దగ్గర మాత్రం మావయ్య కదల్లేదు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ఘంటసాల, సుశీల చదువుకున్నదీ అక్కడే. ఆ రాత్రి పెళ్ళిలో ఆర్కెస్ట్రావారు వరసగా ఘంటసాల పాటలే పాడారు. ఆయన పాట నేర్చిన బడి ఆటో దూరంలోనే ఉందని ఆ పందిట్లో ఒక్కరూ అనలేదు.

చివరికి గురజాడవారి ఇల్లు. పెళ్ళికి వచ్చినవాళ్ళు చూడవలసిన చోటు విజయనగరంలో ఒక్కటే ఉందంటే అది ఇదేనని నా వాదన. 'కన్యాశుల్కం' 1892లో ఈ ఊళ్ళోనే ఆడారు. ఆనందగజపతి మహారాజు అప్పటి విశాఖ జిల్లాలో రాయించిన లెక్కలను గురజాడ పీఠికలో ఇచ్చారు: మూడేళ్ళలో ఇలాంటి పెళ్ళిళ్ళు 1034. అయిదేళ్ళ పిల్లలు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు, వెల 350 నుంచి 400 రూపాయలు. ఇది చెబితే ముగ్గురాడపిల్లల పెళ్ళిళ్ళు చేసిన మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు పిల్ల తండ్రి పుచ్చుకునేవాడు, ఇప్పుడు ఇచ్చుకుంటున్నాడు, అంతేగదరా?" అన్నాడు. మేం విడిదికి తిరిగొచ్చేసరికి మగపెళ్ళివారికి కారు తాళాలు వెండిపళ్ళెంలో పెట్టి అందిస్తున్నారు. ఫొటోగ్రాఫరు సరిగ్గా పడలేదని మళ్ళీ ఇప్పించాడు.

శుభలేఖ వెనకవైపు ఎలాగూ ఖాళీయే. అక్కడ ఈ నాలుగు చోట్లూ, ఆటోవాడికి చెప్పాల్సిన గుర్తులూ అచ్చువేయిస్తే అరకు బస్సు ఖర్చులో పదోవంతు కాదు. ఇంకో పూట ఉండగలిగినవాళ్ళు రామతీర్థం వెళ్ళండి. రాముడి గుడితో పాటు గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలున్నాయి. ఎండ ముదరకముందే ఎక్కాలి, నీళ్ళసీసా మరవకండి.