పుష్పక్ బస్సు, వికీ బస్సు

పిల్లలూ! హైదరాబాదు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి వెళ్ళే ఆర్టీసీ బస్సులను మీలో కొందరు చూసే ఉంటారు. వాటి పేరు పుష్పక్. రామాయణంలోని పుష్పక విమానం సంగతి మీకు తెలుసు గదా. ఎంతమంది ఎక్కినా అందులో ఇంకొకరికి చోటు ఉండేదట!

ఇటువంటి బస్సు పేరే ఇంకొకటి ఉన్నది. పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులలో హొనొలులు అనే నగరం ఉన్నది. అక్కడి విమానాశ్రయంలో ప్రయాణికులను ఒక భవనం నుంచి మరొక భవనానికి చేర్చే బస్సులకు "వికీ వికీ" అని పేరు పెట్టారు. హవాయి భాషలో వికీ అంటే త్వరగా అని అర్థం. ఒకసారి వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ అక్కడ దిగితే, విమానాశ్రయం ఉద్యోగి ఒకరు వికీ వికీ బస్సు ఎక్కమని చెప్పారు. ఆ పేరు ఆయనకు గుర్తుండిపోయింది. 1995 మార్చిలో ఆయన ఒక కొత్తరకం వెబ్‌సైటు తయారుచేశాడు. చదివేవారే దానిలో తప్పు కనిపిస్తే అక్కడికక్కడే దిద్దవచ్చు. త్వరగా దిద్దే సాధనం గనక దానికి ఆ బస్సు పేరే పెట్టాడు. వికీపీడియా అనే పేరులోని వికీ ఇదే!

"ఒకసారి రాసినదాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దటం దేనికి?" అని మీరు అడగవచ్చు. శంషాబాదు సంగతే చూడండి. 2008 మార్చి 22 దాకా హైదరాబాదు విమానాశ్రయం అంటే బేగంపేట. మార్చి 23 నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు మారాయి. పాత పేజీని నమ్ముకుని బేగంపేటకు వెళ్ళినవాడికి విమానం అందుతుందా? 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. దానితో శంషాబాదు ఉన్న రాష్ట్రం పేరు మారింది. 2016 అక్టోబరు 11న జిల్లాలు పది నుంచి ముప్ఫై ఒకటి అయినప్పుడు, శంషాబాదును రంగారెడ్డి జిల్లా కేంద్రంగా ప్రకటించారు. తరవాత కలెక్టరు కార్యాలయాన్ని కొంగర కలాన్‌లో కట్టారు. అది 2022లో ప్రారంభమయింది. ఊరు ఉన్నచోటనే ఉన్నది, కాని దానిని గురించి రాసిన పేజీని ఎన్నిసార్లు దిద్దవలసి వచ్చిందో చూశారా?

ఈ దిద్దే పని సులువు చేసేందుకు పుట్టినవే విషయ నిర్వహణ సాఫ్టువేర్లు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. అది మీడియావికీ అనే సాఫ్టువేరుతో నడుస్తున్నది. ఆ 2003లోనే వర్డ్‌ప్రెస్ అనే మరొకటి పుట్టింది. చాలా బడులు, దుకాణాలు, సంఘాలు తమ వెబ్‌సైటులకు దానిని వాడుతున్నవి. ఈ రెండింటినీ వాడుకునేందుకు డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఇవి ఎలా పనిచేస్తవి? మీ అమ్మగారు జంతికలు చేసేటప్పుడు చూడండి. పిండి వేరే కలిపి ఉంచుతారు. గొట్టం అడుగున చిల్లుల బిళ్ళ ఉంటుంది. బిళ్ళ మారిస్తే అదే పిండి సన్న కారప్పూస అవుతుంది. పిండిని మళ్ళీ కలపనక్కరలేదు. ఈ సాఫ్టువేరు కూడా అంతే. మీరు రాసిన విషయం ఒకచోట దాచి ఉంటుంది. అక్షరాల పరిమాణం, రంగులు, బొమ్మ ఎక్కడ ఉండాలి అన్నవి వేరొకచోట ఉంటవి. ఎవరైనా పేజీ తెరిచినప్పుడు సాఫ్టువేరు ఆ రెండింటినీ కలిపి చూపిస్తుంది. అందుచేత రాయగలిగినవారు యంత్రాల భాష తెలియకపోయినా పేజీ నడపవచ్చు.

మొదటిసారి రాసేవారికి ఒక్కటే భయం: "నేను చెయ్యి పెడితే పాడైపోతుందేమో!" అందుకు భయపడనక్కరలేదు. ఇది పలక వంటిది కాదు. పలక మీద తుడిచినది పోతుంది. ఇక్కడ మీరు దిద్దిన ప్రతిసారీ కొత్త ప్రతి పైన చేరుతుంది, పాతది అడుగున భద్రంగా ఉంటుంది. వికీపీడియా పేజీ పైన "చరిత్ర" అని ఉంటుంది. అది నొక్కితే ఏ రోజున, ఏ గంటకు, ఏ మార్పు జరిగిందో కనిపిస్తుంది. పేజీ అంతా పొరపాటున చెరిపివేసినా, వెనకటి ప్రతిని మళ్ళీ తేవచ్చు. ముందుగా చెయ్యి అలవాటు చేసుకునేందుకు "ప్రయోగశాల" అనే పేజీ కూడా ఉన్నది. వర్డ్‌ప్రెస్ కూడా పేజీల పాత ప్రతులు దాచుతుంది. అయితే రాతను కాక సాఫ్టువేరునే మార్చబోయే ముందు మాత్రం వెబ్‌సైటు మొత్తానికి ఒక నకలు తీసి వేరేచోట దాచుకోవాలి. ఇది పెద్దవారు చేయవలసిన పని.

ఇంత ఉన్నా, ఎక్కడో ఒకచోట చిక్కుపడతాం. అప్పుడు అడగటానికి సిగ్గుపడకూడదు. పూర్వం పల్లెలలో ఏ చిక్కు వచ్చినా రచ్చబండ దగ్గర తేల్చుకునేవారు. తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే చోటుకు కూడా "రచ్చబండ" అనే పేరు పెట్టారు. ఒక్కొక్క వ్యాసానికి విడిగా "చర్చ" పేజీ ఉన్నది. అక్కడ జవాబు చెప్పేవారు జీతగాళ్ళు కారు. ఇష్టంతో తమ తీరిక సమయం ఇచ్చేవారు. వారి కాలం వృథా కాకుండా అడగటం మన బాధ్యత.

వైద్యుడి దగ్గరకు వెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే ఆయన ఏ మందు ఇస్తాడు? "పేజీ పనిచెయ్యటం లేదు" అన్నమాట కూడా అటువంటిదే. నాలుగు సంగతులు చెప్పాలి. ఒకటి, ఏ పేజీలో. రెండు, మీరు ఏమి చేశారు. మూడు, ఏమి జరగాలనుకున్నారు. నాలుగు, నిజంగా ఏమి జరిగింది. తెర మీద ఏదైనా హెచ్చరిక వస్తే దానిని అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. "శంషాబాదు పేజీలో జిల్లా సంగతి దిద్ది, భద్రపరచే మీట నొక్కాను. కొత్త వాక్యం కనిపించాలి. కాని పాతదే కనిపిస్తున్నది" అని రాస్తే, తెలిసినవారు రెండు నిమిషాలలో దారి చూపిస్తారు. ఇలా రాయబోయి తమ పొరపాటును తామే కనిపెట్టినవారు కూడా ఉంటారు! చిక్కు విడిపోయాక, ఎలా విడిందో అక్కడే రాసి కృతజ్ఞతలు చెప్పాలి. రేపు మరొకరికి అదే చిక్కు వస్తే మీ మాట పనికివస్తుంది.

ఇంకొక జాగ్రత్త. సాయం చేస్తానన్నవారు ఎంత మంచిగా మాట్లాడినా మీ రహస్య పదం చెప్పరాదు. ఇంటి చిరునామా, ఫోను నంబరు రాయరాదు. పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టండి.

ఈ నెల మీకొక పని. మీ అమ్మానాన్నలతో కలిసి మీ ఊరి పేజీ తెరిచి చదవండి. జిల్లా పేరు, మండలం, బడి, చెరువు అన్నీ సరిగా ఉన్నవా? తప్పు కనిపిస్తే వెంటనే చెరపకండి. "నాకు తెలుసు" అంటే చాలదు. ప్రభుత్వ ప్రకటనో, పుస్తకమో, పత్రికలో వార్తో రుజువు వెతకండి. అది దొరికాక ఒక్క వాక్యం దిద్దండి. తరవాత "చరిత్ర" నొక్కి చూడండి. మీ ఊరిని గురించి రాసినవారి వరసలో మీ మార్పు కూడా కనిపిస్తుంది. ఈ బస్సులో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు ఉన్నది!