‘తగినంత ఎండ’ అంటే ఎంత?

ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో తులసి కుండీ లేని బాల్కనీ అరుదు. ఆ తులసిని మళ్లీ మళ్లీ కొనవలసిరాని ఇల్లు కూడా అంతే అరుదు. తెచ్చిన రెండు మూడు నెలలకే కాడలు సన్నగా సాగుతాయి. కణుపుల మధ్య దూరం పెరుగుతుంది. కింది ఆకులు పసుపుబారి రాలుతాయి. ఇంటివారు నీరు చాలలేదని మరికాస్త పోస్తారు, బలం లేదని ఎరువు వేస్తారు. అప్పటికీ మొక్క నిలవకపోతే అపశకునమని భయపడతారు, లేదా ఇల్లాలి చేతిలో చలవ లేదని తేలుస్తారు. ఈ చివరి మాట అన్యాయమైనది. తులసి చలికి వడలడం, వెన్నులు తుంచకపోతే విత్తనం కట్టి క్షీణించడం సహజమే. అయితే బాల్కనీలో మొక్క ఏ కాలంలో తెచ్చినా నిలవడం లేదంటే, ముందుగా అనుమానించవలసినది కాంతిని.

ఈ అయోమయంలో వ్యవసాయ విస్తరణ రంగానికీ వాటా ఉంది. పెరటి తోటలపై వెలువడే కరపత్రాలు ఎరువును గ్రాములలోనూ, మందును మిల్లీలీటర్లలోనూ చెబుతాయి. కాంతి దగ్గరకు వచ్చేసరికి ‘తగినంత ఎండ తగిలే చోట ఉంచాలి’ అని సరిపెడతాయి. నర్సరీలో వినిపించేవి రెండే మాటలు: ‘ఫుల్ సన్’, ‘ఇండోర్’. కొనుగోలుదారుకు ఈ రెండింటిలో ఏదీ కొలత కాదు.

కంటితో అంచనా వేయడం కూడా కుదరదు. నిర్మలమైన మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులు. మబ్బు కమ్మినప్పుడు ఆరుబయట 10,000 లక్సులు ఉండవచ్చు. పగటిపూట దీపం లేకుండా పత్రిక చదువుకోగలిగే హాలు మధ్యలో 500 లక్సులు ఉంటే గొప్ప. కంటిపాప ఈ తేడాలకు సర్దుకుంటుంది కాబట్టి మనిషికి హాలు వెలుతురుగానే కనిపిస్తుంది. ఆకుకు ఆ వెసులుబాటు లేదు. రోజు మొత్తంలో చదరపు మీటరుపై పడిన కాంతి కణాలను శాస్త్రజ్ఞులు మోల్‌లలో లెక్కిస్తారు. 500 లక్సుల హాలు 12 గంటలలో ఇచ్చేది 0.4 మోల్ మాత్రమే. సగటున 50,000 లక్సుల ఉదయపు ఎండ మూడు గంటలలోనే సుమారు 10 మోల్‌లు ఇస్తుంది. అంటే ఒక పూట ఎండ హాలులోని 25 రోజుల వెలుతురుకు సమానం. తులసి, గులాబి, మందార వంటి మొక్కలకు రోజుకు 10 మోల్‌లు కనీసపు గ్రాసం. పూలు నిండుగా రావాలంటే దాదాపు రెట్టింపు కావాలి. కిరణజన్య సంయోగక్రియలో తయారయ్యే ఆహారం శ్వాసక్రియలో ఖర్చయ్యే దానికన్నా తక్కువైన నాటి నుంచి మొక్క తన నిల్వలను తానే తింటుంది. ఆ స్థితిలో వేసే ఎరువు ఆకలి తీర్చదు. పోసిన నీరు కూడా ఆకుల గుండా ఆవిరి కాక కుండీలోనే నిలిచి వేళ్లను కుళ్లబెడుతుంది.

పాత ఇళ్లలో తులసికోట నడిమి వాకిట, నడినెత్తిన ఆకాశం ఉండే చోట కట్టేవారు. అందుకు కారణం ఆచారమే కావచ్చు గానీ, ఏడాది పొడవునా ఎండ విషయంలో అంతకు మించిన స్థలం లేదు. అపార్ట్‌మెంటుకు కోట వచ్చింది, ఆకాశం రాలేదు.

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. పై శ్లాబు పదడుగుల ఎత్తున ఉన్న దక్షిణపు బాల్కనీని తీసుకుంటే, డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉండి, నేలపై ఎనిమిది అడుగులకు పైగా లోపలికి ఎండ పంపగలడు. మార్చి 21 నాటికి అది మూడడుగులకు తగ్గుతుంది. ఏప్రిల్ చివర అంచున అరడుగు మిగులుతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు కనుక ఆ బాల్కనీలో నేరుటెండ సున్న. ఊరంతా ఎండకు మాడుతున్న మే నెలలో ఇంటి తులసి ఎండ లేక పాలిపోతుంటే ఎవరికి తోస్తుంది? ఆ రోజులలో ఉత్తరపు బాల్కనీకి ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. కుండీని అక్కడికి మార్చగలిగినవారు అదృష్టవంతులు.

ఎదురుగా మేడ లేనప్పటి లెక్క ఇది. నాచారం పాత వీధులలో ఇరవై అడుగుల దూరంలో ఎదుటి భవనం కుండీ కంటే నలభై అడుగులు ఎత్తుగా ఉందనుకుంటే, చలికాలపు మధ్యాహ్నపు ఎండను ఆ మేడ ఆపుతుంది, వేసవి ఎండను పై శ్లాబు ఆపుతుంది. అటువంటి మొదటి అంతస్తులో తులసి నిలవకపోవడం ఇల్లాలి లోపం ఎలా అవుతుంది? ఘట్‌కేసర్ వైపు కొత్త కాలనీలలో పక్క ప్లాటు ఖాళీగా ఉన్నన్నాళ్లు ఈ బాధ తెలియదు.

పడమటి బాల్కనీ కథ వేరు. అక్కడ ఎండకు కొరత లేదు, కానీ ఏప్రిల్, మే నెలల సాయంత్రం గోడ వేడి, నల్ల ప్లాస్టిక్ కుండీ వేడి కలిసి వేళ్లను ఉడికిస్తాయి. ఆ రెండు నెలలు 50 శాతం షేడ్‌నెట్ కట్టడం మేలు. కడియం నుంచి లారీలలో వచ్చే మొక్కలలో కొన్ని నీడ వలల కింద పెరిగినవే. వాటిని తెచ్చిన రోజే డాబా ఎండలో పెడితే ఆకులపై తెల్లటి కాలిన మచ్చలు వస్తాయి. రెండు వారాలపాటు రోజుకు కొంత కొంత ఎండ పెంచుతూ అలవాటు చేయాలి. ఉప్పల్–నారపల్లి ఎత్తు రహదారి పనుల దుమ్ము ఎరిగినవారికి ఆకులు కడగమని వేరే చెప్పనక్కరలేదు.

మొక్క కొనడానికి ముందు ఒక సెలవు రోజున ఉదయం నుంచి సాయంత్రం వరకు గంటకోసారి బాల్కనీ చూసి, నేరుటెండ ఎక్కడ, ఎన్ని గంటలు పడుతోందో సుద్దముక్కతో గీసుకోవచ్చు. సెల్‌ఫోన్ లక్స్ మీటరు ఖచ్చితమైనది కాకపోయినా, ఒక మూలను మరొక మూలతో పోల్చడానికి చాలు. నాలుగు గంటల ఎండ దొరకని ఇంట తులసి బదులు నీడకు ఓర్చే మొక్కను ఎంచుకోవాలి, లేదా డాబా ఆశ్రయించాలి. డాబాను నీళ్ల ట్యాంకులకు, డిష్ యాంటెన్నాలకు వదిలి తాళం వేసే నివాసుల సంఘాలు, వేసవి మూడు నెలలైనా ఒక మూలను కుండీలకు ఇస్తే పోయేదేమీ లేదు. కరపత్రాలు రాసేవారు కూడా దిక్కు, నెల, ఎండ గంటలు తెలిపే చిన్న పట్టిక ఒకటి చేర్చగలరు. అందుకు కొత్త పరిశోధన అక్కరలేదు, త్రికోణమితి చాలు.

ఆగస్టులో సూర్యుడు దక్షిణానికి మళ్లుతాడు. ఎదుట అడ్డు లేని దక్షిణపు బాల్కనీలో క్షీరాబ్ది ద్వాదశి నాటికి మధ్యాహ్నపు ఎండ మళ్లీ ఆరేడు అడుగులు లోపలికి వస్తుంది. పూజకు తెచ్చిన తులసి అప్పటి నుంచి మార్చి దాకా ఏపుగా ఉండి, మేలో ఎందుకు పోతుందో ఆ నేలపై గీసిన సుద్దగీతలే చూపిస్తాయి.