నిల్వలు సరే, నష్టకాలం మాటేమిటి?

2025 ఏప్రిల్ 4న, ట్రంప్ సుంకాలకు జవాబుగా చైనా ఏడు అరుదైన మూలకాల ఎగుమతికి, వాటిని కలిపి చేసే అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది. అది నిషేధం కాదు. దరఖాస్తు పెట్టుకోండి, చూస్తామన్నది, అంతే. ఆ కాస్తకే రెండు నెలలు తిరక్కుండా చికాగోలో ఫోర్డ్ కర్మాగారం వారం పాటు మూతపడింది. జపాన్‌లో సుజుకీ స్విఫ్ట్ తయారీ నిలిచిపోయింది. మన వాహన కంపెనీలు అనుమతి పత్రాల కోసం ఢిల్లీకీ బీజింగ్‌కీ మధ్య నలిగిపోయాయి. విద్యుత్ కారు మోటారులో ఈ అయస్కాంతం ఉండేది ఒకటి రెండు కిలోలే. లక్షల రూపాయల బండి దాని కోసం ఆగిపోవడం చూశాక మన దగ్గర గట్టిగా వినిపించిన మాట, నిల్వల్లో ప్రపంచంలో మూడో స్థానం మనదే కదా అని. అందులో అబద్ధం లేదు. అయితే ఈ వ్యాపారంలో ఖనిజం ఎవరి నేలలో ఉందన్నది చివరికి పెద్దగా లెక్కలోకి రాలేదు. ధరలు కుప్పకూలిన సంవత్సరాల్లో శుద్ధి కేంద్రాన్ని, అయస్కాంత కర్మాగారాన్ని మూతపడకుండా ఎవరు నిలబెట్టుకున్నారన్నదే ఫలితాన్ని తేల్చింది. మన విధానం ఇంకా ఆ ప్రశ్న దగ్గరికి పూర్తిగా రాలేదు.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క ప్రకారం దేశంలో కోటీ 31 లక్షల టన్నుల మోనజైట్ ఉంది. అందులో 72 లక్షల టన్నుల అరుదైన మూలకాల ఆక్సైడ్లు ఉంటాయని అంచనా. భావనపాడు, కళింగపట్నం, భీమునిపట్నం తీరాల ఇసుకలోనూ ఈ మోనజైట్ ఉంది. అయినా అమెరికా భూగర్భ సర్వే సంస్థ అంచనాల్లో మన వార్షిక ఉత్పత్తి 2,900 టన్నులు, చైనాది 2 లక్షల 70 వేల టన్నులు. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి అది అణుశక్తి చట్టం కిందికి వస్తుంది. ఐఆర్ఈఎల్ వంటి ప్రభుత్వ సంస్థే దాన్ని ముట్టుకోవాలి. తవ్వి తీసినా పని అక్కడితో అయిపోదు. రసాయన స్వభావంలో ఒకదానికొకటి దాదాపు కవలల్లా ఉండే మూలకాలను వందల దశల ద్రావణ ప్రక్రియలో విడదీయాలి. ఆక్సైడ్‌ను లోహంగా, లోహాన్ని మిశ్రమంగా, మిశ్రమాన్ని పొడి కొట్టి, ఒత్తి, కాల్చి అయస్కాంతంగా మార్చాలి. అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రకారం తవ్వకంలో చైనా వాటా 60 శాతం దరిదాపుల్లో ఉంటే, శుద్ధిలో 91 శాతం, అయస్కాంతాల్లో 94 శాతం. మెట్టు పెరిగేకొద్దీ పట్టు బిగుస్తోంది. ఇంట్లో వడ్ల బస్తాలు ఎన్నున్నా ఊళ్లో మిల్లు లేకపోతే బియ్యం బయట కొనాల్సిందే.

ఇందుకు సాక్ష్యం విశాఖపట్నం దగ్గరే ఉంది. ఐఆర్ఈఎల్ తీసిన అరుదైన మూలకాల మిశ్రమాన్ని అచ్యుతాపురం దగ్గరున్న టయోటా గ్రూపు సంస్థ శుద్ధి చేసి జపాన్‌కు పంపేలా 2012లో ఒప్పందం కుదిరింది. ఆ సరుకు ఏళ్ల తరబడి వెళ్తూ వచ్చింది. 2024లో వెళ్లింది మన ఉత్పత్తిలో మూడోవంతు వరకు ఉంటుందని వార్తా సంస్థలు లెక్కగట్టాయి. చైనా ఆంక్షల తర్వాత 2025 జూన్‌లో ఆ ఎగుమతులు ఆపమని కేంద్రం ఐఆర్ఈఎల్‌కు చెప్పినట్టు వార్తలొచ్చాయి. మన సరుకు జపాన్‌కు దోచిపెట్టామని దీన్ని చదువుకోవడం తేలిక, కానీ సరికాదు. ఇక్కడ కొనేవాడు లేడు కాబట్టే అది వెళ్లింది. దేశంలో నియోడిమియం అయస్కాంతాన్ని పెద్ద ఎత్తున చేసే కర్మాగారమే లేనప్పుడు, ఆక్సైడ్ గోదాములో పోగుపడటం తప్ప చేసేదేమీ లేదు. విశాఖలోనే 2023లో ప్రారంభమైన ఐఆర్ఈఎల్ సమారియం కోబాల్ట్ అయస్కాంత కేంద్రం సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. రక్షణ, అణు అవసరాలకు అది విలువైనదే, వాహన పరిశ్రమకు మాత్రం లెక్కలోకి రాదు.

కర్మాగారాలు ఎందుకు పుట్టలేదో, పుట్టినవి ఎందుకు బతకలేదో చెప్పే చరిత్ర అమెరికాది. ఒకప్పుడు ప్రపంచానికి ఈ మూలకాలు ప్రధానంగా కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గని నుంచే వచ్చేవి. నియోడిమియం అయస్కాంతాన్ని 1980ల మొదట్లో కనిపెట్టింది కూడా జపాన్‌లో సుమిటోమో శాస్త్రజ్ఞుడు మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ బృందం. ఆ జనరల్ మోటార్సే తన అయస్కాంత విభాగం మాగ్నెక్వెంచ్‌ను 1995లో చైనా సంస్థలు భాగస్వాములుగా ఉన్న బృందానికి అమ్మేసింది. కొన్నేళ్లకు ఇండియానాలోని యంత్రాలు చైనా చేరాయి. 2002లో మౌంటెన్ పాస్ మూతపడింది. 2010లో చైనాతో సెంకాకు దీవుల వివాదంలో జపాన్‌కు సరుకు ఆగినప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. ధరలు ఆకాశానికి చేరాయి. మాలికార్ప్ అనే కంపెనీ మౌంటెన్ పాస్‌ను మళ్లీ తెరిచింది. చైనా ఎగుమతి కోటాలపై ప్రపంచ వాణిజ్య సంస్థలో వేసిన కేసులో 2014లో చైనా ఓడింది, 2015 జనవరిలో కోటాలు ఎత్తేసింది. అదే ఏడాది జూన్‌లో మాలికార్ప్ దివాలా తీసింది. కేసు గెలిచారు, కంపెనీ పోయింది. అప్పటికే సరుకు చౌకగా దొరుకుతోంది, అమెరికాలో ఎవరికీ పెద్దగా పట్టలేదు.

జపాన్ మాత్రం మరిచిపోలేదు. 2011లో ప్రభుత్వ సంస్థ జోగ్‌మెక్, సోజిట్జ్ కంపెనీ కలిసి ఆస్ట్రేలియా కంపెనీ లైనాస్‌లో 25 కోట్ల డాలర్లు పెట్టాయి. ధరలు పడిపోయి లైనాస్ కష్టాల్లో ఉన్నప్పుడు అప్పు గడువులు సడలించాయి, సరుకు కొనడం మానలేదు. చైనా మీద 90 శాతం ఉన్న జపాన్ ఆధారం క్రమంగా 60 శాతం దరిదాపులకు తగ్గింది. ఇంత ఓపిక పట్టినా 60 శాతం మిగిలే ఉందన్నది కూడా గమనించాలి. లైనాస్ తన మలేసియా కేంద్రంలో డిస్‌ప్రోసియం ఆక్సైడ్ తీయగలిగింది 2025 మేలో, అంటే పెట్టుబడి పెట్టిన పద్నాలుగేళ్లకు.

ఈ నేపథ్యంలోనే 2025 నవంబరు 26న కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయలతో అయస్కాంత పథకాన్ని ఆమోదించింది. ఏటా 6,000 టన్నుల సామర్థ్యం లక్ష్యం. దీనిపై మొదటి అభ్యంతరం లెక్కల మనిషిది. మనం ఏడాదికి దిగుమతి చేసుకునే అయస్కాంతాల విలువే సుమారు 2,000 కోట్లు, దానికి మూడింతలకు మించి ప్రభుత్వం ఖర్చుపెట్టడం ఏం తెలివి అని. దిగుమతి బిల్లును మాత్రమే చూస్తే ఆ మాటకు తిరుగు లేదు. అయితే ఆగిపోయేది అయస్కాంతం ఒక్కటే కాదు, దాని మీద ఆధారపడిన వాహనం, గాలిమర, క్షిపణి. ఇది బీమా ప్రీమియం లాంటి ఖర్చు. ప్రమాదం ఊహాజనితమని అనడానికి 2025 వేసవి తర్వాత ఎవరికీ వీల్లేదు. అక్టోబరులో చైనా మరింత కఠినమైన నిబంధనలు ప్రకటించి, ట్రంప్, షీ జిన్‌పింగ్ భేటీ తర్వాత ఏడాది పాటు పక్కన పెట్టింది. పక్కన పెట్టినదాన్ని మళ్లీ చేతిలోకి తీసుకోవడానికి ఎంతసేపు?

నా అభ్యంతరం వేరు. ఖర్చు ఎక్కువైందని కాదు, ఖర్చుపెట్టే తీరు సగంలో ఆగిపోయిందని. పథకం గడువు ఏడేళ్లు. అందులో రెండేళ్లు కర్మాగారం కట్టడానికి, ఐదేళ్లు అమ్మకాలపై ప్రోత్సాహకానికి. ఆ తర్వాత చైనా ధర తగ్గిస్తే? మాలికార్ప్‌కు జరిగినదే ఇక్కడా జరుగుతుంది. ముడిసరుకు సంగతి ఇంకా ఇబ్బందికరం. అయస్కాంతం బరువులో మూడోవంతు దాకా నియోడిమియం, ప్రెసియోడిమియం ఉంటాయి. 6,000 టన్నులకు దాదాపు 2,000 టన్నులు కావాలి. ఐఆర్ఈఎల్ ఇవ్వగలిగేది ప్రస్తుతం 500 టన్నుల లోపే. మిగతాది బయటి నుంచి తేవాలి, బయట అమ్మే ప్రధాన వర్తకుడు మళ్లీ చైనాయే. పైగా వేడికి తట్టుకోవడానికి కలిపే డిస్‌ప్రోసియం, టెర్బియం మన మోనజైట్‌లో చాలా తక్కువ. చైనా లైసెన్సు పెట్టింది సరిగ్గా వాటి మీదే. చైనాకే అవి చాలావరకు మయన్మార్‌లోని కచిన్ కొండల నుంచి, సాయుధ దళాల చేతులు మారుతూ వస్తున్నాయి. ఆ రెండూ లేకుండా, లేదా అతి తక్కువతో పనిచేసే మోటార్ల రూపకల్పన మనకు కొత్త గని వెతకడం కంటే తొందరగా ఫలితమిచ్చే పని. అరుదైన మూలకాలు అక్కర్లేని ఫెర్రైట్ మోటార్లతో అన్నీ సరిపోతాయనే వాదన మాత్రం ద్విచక్ర వాహనాల దగ్గర కొంత నిలుస్తుంది, క్షిపణి దగ్గర నిలవదు.

అమెరికా ఈసారి పాఠం నేర్చినట్టే ఉంది. 2025 జులైలో రక్షణ శాఖ మౌంటెన్ పాస్ ప్రస్తుత యజమాని ఎంపీ మెటీరియల్స్‌లో 40 కోట్ల డాలర్ల వాటా తీసుకుంది. నియోడిమియం, ప్రెసియోడిమియం కిలోకు 110 డాలర్ల కనీస ధరను పదేళ్లకు హామీ ఇచ్చింది. ఆనాటి మార్కెట్ ధరకు అది దాదాపు రెట్టింపు. స్వేచ్ఛా మార్కెట్ గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశం గిట్టుబాటు ధర దగ్గరికి వచ్చిందని నవ్వుకోవచ్చు. మన రైతుకు ఆ మాట కొత్త కాదు. ఇలాంటి హామీ మనమూ ఇస్తే కంపెనీలు సోమరులవుతాయనే భయం న్యాయమైనదే. అందుకే హామీ ధర ఏటా కొంత తగ్గేలా, మార్కెట్ ధర పెరిగినప్పుడు లాభంలో ప్రభుత్వానికి వాటా వచ్చేలా రాసుకోవాలి.

తీరం సంగతి తేల్చకుండా దీన్ని ముగించలేం. కేరళలో ఆలప్పాడ్ ప్రజలు ఇసుక తవ్వకాలపై ఎందుకు పోరాడారో, మలేసియాలోని బుకిట్ మేరా శుద్ధి కేంద్రం ఎందుకు మూతపడిందో, చైనాలోని బావొటౌ దగ్గర విషపు వ్యర్థాల మడుగు ఎలా తయారైందో తెలిసినవాళ్లు భీమిలి తీరానికి యంత్రాలు రావాలని చప్పట్లు కొట్టలేరు. తమిళనాడులో ప్రైవేటు తవ్వకాల అనుభవం తర్వాత 2019లో కేంద్రమే ఆ తలుపు మూసింది. ఈ అభ్యంతరం నా వాదనను బలహీనపరచదు. చైనా సరుకు చౌకగా ఉండటానికి ఒక కారణం ఆ మడుగు ఖర్చు ధరలో కలవకపోవడమే. థోరియం వ్యర్థాలను సరిగా దాచే ఖర్చు, మత్స్యకారులకు నష్టపరిహారం కలుపుకొని కనీస ధర కట్టాలి. అది కట్టలేమంటే తవ్వడం మానాలి. ఎలాగూ తొలి అడుగు కొత్త తీరం తెరవడం కాకూడదు, ఇన్నాళ్లూ జపాన్ వెళ్లిన మూడోవంతును ఇక్కడ అయస్కాంతం దాకా తీసుకెళ్లడం కావాలి.

ఇక్కడ చేసిన అయస్కాంతానికి కొనుగోలుదారు ఎవరన్నదానికి జవాబు ప్రభుత్వం చేతిలోనే ఉంది. వాహన రంగానికి ఇచ్చే ఉత్పత్తి ప్రోత్సాహకాలకు 50 శాతం దేశీయ విలువ జోడింపు ఇప్పటికే షరతు. ఆ లెక్కలో మోటారు అయస్కాంతాన్ని విడిగా చేర్చి, మొదట పదో వంతు, ఏటా కాస్త ఎక్కువ దేశీయంగా కొనాలనవచ్చు. బండి ధరలో అయస్కాంతం వాటా స్వల్పం, కొంత పెరిగినా కొనుగోలుదారుడికి తెలియదు. దీనికి కంపెనీలు ఇష్టపడవు. కర్మాగారాలు పెట్టేవారితో ఒప్పందాలపై సంతకాలు అయ్యేలోపే ఈ షరతు, ప్రోత్సాహకం ముగిశాక వర్తించే కనీస ధర రెండూ కాగితం మీద ఉండాలి. సంతకాలయ్యాక అడిగితే ఆ మాట వినేవారుండరు.