డ్రైవరు మారిస్తే బండి నడుస్తుందా?

మొన్న శుక్రవారం ఆఫీసు క్యాంటీనులో మళ్ళీ అదే గొడవ. మా టీములో నలుగురం గోల్ఫ్ ఆడతాం. ఆడతాం అంటే ఎక్కువ ఊహించుకోకండి, నెలకి రెండుసార్లు తెల్లారుజామున లేచి వెళ్ళి బంతుల్ని చెట్లలోకి కొట్టి వస్తాం. అందులో ఒకాయన, నాకంటే ఆరేళ్ళు సీనియరు, కొత్త డ్రైవర్ కొన్నాడు. (తెలియనివారికి: డ్రైవర్ అంటే మొదటి దెబ్బకి వాడే పొడుగాటి కర్ర, తలకాయ లావుగా ఉంటుంది. అన్నిట్లోకీ ఖరీదైనది, అన్నిట్లోకీ పొగరైనది.) అరవై వేలట. "ఆట మారాలంటే గేర్ మారాలి తమ్ముడూ, ఆ డబ్బా సెట్టుతో ఎన్నాళ్ళాడతావ్?" అని నాకు హితబోధ కూడాను. నేను నోరు మూసుకుని పెరుగన్నం తిన్నాను. అక్కడ మింగినదంతా ఇక్కడ కక్కుతున్నాను, కాస్త భరించండి.

నా వాదన సూటిగా ఇదీ. గోల్ఫ్ ఆడడం ఖరీదైన పనే, కాదనను. గేటు దగ్గరే జేబు ఖాళీ అవుతుంది. కానీ ఆట బాగుపడడం మాత్రం ఖరీదైన పని కాదు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి మనకి అమ్ముతున్నారు, మనం కళ్ళకద్దుకుని కొంటున్నాం. ఎందుకంటే కొనడం సులువు, కార్డు గీకితే ఐపోయె. ప్రాక్టీసు చెయ్యాలంటే ఒళ్ళొంగాలి.

నేనేదో జ్ఞానిలా చెప్తున్నాననుకునేరు. 2024 జనవరిలో నేనూ కొన్నాను. నలభై ఎనిమిది వేలు. ఈఎమ్ఐ కూడా కాదు, బోనసు పడ్డ ఊపులో మొత్తం కట్టేశా. షాపులో ఒక తెర ముందు నిలబెట్టి కొట్టించారు. పాతదాని కంటే పద్దెనిమిది గజాలు ఎక్కువ వెళ్తోందని అంకెలు చూపించారు. సాఫ్టువేరు వాణ్ణి కదా, రంగురంగుల డ్యాష్‌బోర్డు చూపిస్తే ఇట్టే పడిపోతా. ఆ "పాతది" నాది కాదనీ, షాపువాడు మూలనుంచి తీసిచ్చిన డొక్కుదనీ ఇంటికొచ్చాక గానీ వెలగలేదు. బేస్‌లైనే తప్పు! ఆఫీసులో జూనియరు ఎవడైనా ఇలాంటి బెంచ్‌మార్కు పట్టుకొస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడేవాణ్ణి.

సరిగ్గా ఆ నెలాఖరుకే నాయన ఫోను. మాది కారేపల్లి, ఖమ్మం జిల్లా. (మండలం పేరు సింగరేణి. బొగ్గు కంపెనీకి పేరిచ్చింది మేమే, బొగ్గు మాత్రం పక్కన ఇల్లెందులో తవ్వారు. ఇదొక పాత ఏడుపు లెండి.) మిర్చి తోటకి నీళ్ళు పెడుతుంటే బోరు మోటరు కాలిపోయిందట. వైండింగు, కొత్త కేబులు, పైకి లాగే కూలీ అన్నీ కలిపి పద్నాలుగు వేలు. అక్క పెళ్ళి అప్పుకి పోయేది పోగా, ఆ డ్రైవర్ పోగా, నా అకౌంటులో మూడు వేల చిల్లర. "ఒకటో తారీకు వేస్తా నాయనా" అన్నా. "సరే బిడ్డా, తొందరేం లేదు" అన్నాడు. తొందరేం లేకపోవడమేంటి, పూత మీదున్న తోట ఒకటో తారీకు దాకా ఆగుతుందా? మా బాబాయి దగ్గర చేబదులు తెచ్చాడని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది. నాయనకి ఇప్పటికీ ఆ కర్ర ధర తెలీదు.

ఇంతకీ స్కోరు? కొనక ముందు సగటు 108. కొన్న తర్వాత నాలుగు నెలల సగటు 107.

అప్పుడు కూర్చుని, మొదటే చెయ్యాల్సిన పని చేశా. చదివా. చదివితే తేలిందేంటంటే, ఈ ఆటకి రూల్సు రాసేవి రెండు సంస్థలు, అమెరికాలో యూఎస్‌జీఏ, స్కాట్లాండులో ఆర్ అండ్ ఏ. డ్రైవర్ తలకాయ 460 సీసీ దాటకూడదని 2004 నుంచీ రూలుంది. ముఖం ఎంత స్ప్రింగులా పనిచెయ్యొచ్చో దానికీ హద్దుంది. ఇంటర్ ఫిజిక్సులో కొలిజన్స్ చాప్టరు గుర్తుందా? అందులోని "ఈ" అనే గుణకమే, 0.83 దగ్గర కట్టేశారు. అంటే ఇరవై ఏళ్ళుగా పైకప్పు అక్కడే ఉంది. కంపెనీలు ఏటేటా వెర్షను నంబరు మారుస్తాయి, రంగు మారుస్తాయి, లోపల ఇంజను మాత్రం గవర్నరు బిగించిన లారీ ఇంజనే. పక్కకి తగిలిన బంతిని కాస్త క్షమించే గుణం పెరిగింది, అది ఒప్పుకోవాలి. కానీ పదేళ్ళ నాటి సెకండ్‌హ్యాండు డ్రైవర్‌కీ మా సీనియరు అరవై వేల డ్రైవర్‌కీ తేడా, మనలాంటి వంద కొట్టే బాపతు చేతుల్లో, ఊపులో వచ్చే తేడా ముందు ఏ మూలకీ రాదు.

ఇక్కడ మా సీనియరు దగ్గర ఒక గట్టి పాయింటు ఉంది, దాటేస్తే అన్యాయం. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసరు మార్క్ బ్రోడీ వేలకొద్దీ రౌండ్లలో ఒక్కో దెబ్బనీ లెక్కగట్టి 2014లో "ఎవ్రీ షాట్ కౌంట్స్" అని పుస్తకం రాశాడు. అంతకు ముందే, 2011లో, పటింగు వరకూ ఆయన లెక్కని పీజీఏ టూరు వాడడం మొదలెట్టింది. అగ్రశ్రేణి ఆటగాళ్ళకి మిగతా ప్రొఫెషనల్స్ మీద వచ్చే ఆధిక్యంలో డ్రైవింగు వాటా 28 శాతం, గ్రీన్ మీదికి కొట్టే దెబ్బలది 40, చుట్టుపక్కల చిన్న దెబ్బలది 17, పటింగుది 15 మాత్రమే. మనలాంటి వాళ్ళలో కూడా మంచివాడికీ మామూలువాడికీ తేడా మూడింట రెండొంతులు వంద గజాల అవతలే పుడుతుందట. "చూశావా, పటింగు కాదు, డ్రైవరే ముఖ్యం!" అని మా వాడు బల్ల గుద్దుతాడు.

గుద్దనివ్వండి. ఆ లెక్క చెప్పేది డ్రైవింగు గురించి, డ్రైవర్ గురించి కాదు. ప్రొఫైలరు "ఈ ఫంక్షను నెమ్మది" అని చూపిస్తే మనం కోడు సరిచేస్తామా, కొత్త లాప్‌టాప్ కొంటామా? నేను నా పది రౌండ్లని పెన్సిలుతో రాసుకున్నా. యాప్ గీప్ ఏం లేదు, స్కోరుకార్డు వెనకే. రౌండుకి సగటున ఎనిమిది స్ట్రోకులు పోయిన బంతులూ పెనాల్టీలూ తినేస్తున్నాయి, దాదాపు అన్నీ ఆ నలభై ఎనిమిది వేల కర్ర పుణ్యమే. పదకొండు స్ట్రోకులు, ఐరన్‌తో కొడితే బంతి తలమీద తగిలి పదడుగులు దొర్లినవి. ఐదు, మూడేసి పట్లు పెట్టినవి. దూరం చాలక పోయినవి చెప్పుకోదగ్గవి ఒక్కటీ లేవు. నేను డబ్బు పోసింది సరిగ్గా ఆ లేని జబ్బుకి.

ఆ తర్వాత చేసింది చెప్తా, ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. డ్రైవర్ అమ్మేశా, ఇరవై రెండు వేలు వచ్చాయి. పదకొండు వేలకి ఏడు కర్రల పాత సెట్టు కొన్నా. సంచీలో గరిష్ఠంగా పద్నాలుగు కర్రలుండొచ్చని రూలు, కనిష్ఠం అంటూ ఏమీ లేదు. మిగిలిన దాంట్లోంచి ఐదు క్లాసులు చెప్పించుకున్నా. డబ్బు పెట్టదలుచుకుంటే పెట్టాల్సిన చోటు అదొక్కటే. నాకు నేర్పినాయన ఒకప్పుడు క్యాడీ, ఇతరుల సంచీలు మోసి ఆట నేర్చుకున్నవాడు. మొదటి క్లాసంతా పట్టు మీదే గడిచింది. రెండేళ్ళుగా నేను కర్రని తప్పుగా పట్టుకుంటున్నా! ఏ షాపువాడూ ఆ మాట చెప్పలేదు, ఎందుకు చెప్తాడు? వారానికి ఒక్క బకెట్టు, అందులో సగం సెవెన్ ఐరన్‌తోనే. రూములో తివాచీ మీద రాత్రిపూట పటింగు, స్టీలు గ్లాసు పడుకోబెట్టి. టూరు ప్రొఫెషనల్స్ కూడా ఎనిమిదడుగుల పట్ సగం సార్లే వేస్తారని తెలిశాక నామీద నాకు జాలి తగ్గింది. ఇప్పుడు నా సగటు 96.

క్యాడీ అంటే గుర్తొచ్చింది. మన దేశంలో ఈ ఆటని పైకి తెచ్చినవాళ్ళెవరో ఒకసారి చూడండి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో క్యాడీ. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా క్లబ్బులో గడ్డి చూసుకునే ఉద్యోగి. ఆ పిల్లాడు అక్కడే చూసి చూసి నేర్చుకుని 2008లో ఇండియన్ మాస్టర్స్, తర్వాత 2016, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ కొట్టాడు. వీళ్ళకెవరికీ గేర్ లేదు, బంతి అందే దూరంలో బతుకు ఉంది.

ఇక మన వాట్సాప్ గ్రూపుల ముద్దుబిడ్డ, సాహిత్ తీగల. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో 1997లో పుట్టాడు. 2023 సెప్టెంబరులో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిస్తే "మనోడు" అని ఫార్వర్డులు వరద కట్టాయి. ఆ మర్నాడే మా గ్రూపులో ఒకడు అతను వాడే డ్రైవర్ మోడల్ వెతికాడు! అతని వెన్ను కాస్త వంకర, అందుకే ఆ ఊపు పుస్తకాల్లో బొమ్మలా ఉండదు. ఆ ఊపుని ఏ షాపులో కొంటార్రా నాయనా? వెతకాల్సింది అతను ఎక్కడ పెరిగాడో. చీనో ఊళ్ళో ఎల్ ప్రాడో అనే పబ్లిక్ కోర్సులో. సభ్యత్వం అక్కర్లేదు, డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. అమెరికాలో పిల్లల టోర్నమెంట్లకి తిప్పడం చవకేం కాదు, ఆ తండ్రి ఎంత తిరిగి ఉంటాడో. అయినా మొదటి తలుపు తెరిచే ఉంది కదా.

ఆ తలుపు సంగతే నన్ను ఎక్కువ తొలుస్తోంది. ఆ దసరాకి ఊరెళ్ళినప్పుడు సెవెన్ ఐరనూ పది పాత బంతులూ సంచీలో పెట్టుకెళ్ళా. మక్క కోసిన చెల్క ఖాళీగా ఉంది. ఇరవై, నలభై, అరవై అడుగుల్లో మూడు గోనె సంచులు పరిచి వాటి మీదికి కొట్టడం మొదలెట్టా. కొయ్యకాళ్ళ మధ్య బంతి ఎలా పడుందో చూసుకుని కొట్టాలి, రేంజులో చాప మీద ఈ విద్య రాదు. అరగంటకి పిల్లలు చేరారు. "అన్నా, ఇది చిర్రగోనెనా?" "అసొంటిదే." పక్క తండా పిల్లాడు, పన్నెండేళ్ళుంటాయేమో, కర్ర అడిగి తీసుకున్నాడు. మూడు దెబ్బలు మట్టికి తగిలాయి. నాలుగోది లేచింది. మూడో గోనె సంచి దాటి వెళ్ళి గట్టు మీద పడింది. నాకు ఆ శబ్దం రావడానికి ఏడాదిన్నర పట్టింది. చిర్రని గాల్లోకి లేపి కొట్టీ కొట్టీ వాడి మణికట్టుకి ఆ పని ముందే తెలుసు.

"ఇది యాడ ఆడతరన్నా?"

"హైదరాబాద్ల."

"ఎంతైతది?"

రేంజులో యాభై బంతులకి నేను కట్టేది మూడొందల యాభై. పత్తి ఏరబోతే వాళ్ళమ్మకి వచ్చే రోజు కూలి అటూ ఇటూగా అంతే. చెప్పా. వాడేమీ అనలేదు, బంతులేరుకొచ్చి ఇచ్చి మళ్ళీ కొట్టాడు.

ఇప్పుడు మా క్యాంటీనులో ఇంకో వర్గం ఉంది, "ఇది డబ్బున్నోళ్ళ ఆట, మధ్యతరగతోడికి ఎందుకు, క్రికెట్ ఆడుకో" అనే బాపతు. వాళ్ళకీ చెప్పాలి. ఈ ఆట పుట్టిల్లనదగ్గ సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు ఏ క్లబ్బు సొత్తూ కాదు, ప్రజల నేల. ఆదివారం ఆట ఉండదు, ఊళ్ళోవాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటారు. ఢిల్లీలో డీడీఏ వాళ్ళు కుతుబ్ గోల్ఫ్ కోర్సుని 2000లో అందరికీ తెరిచారు. ఆట డబ్బున్నోళ్ళది కాదు, గేటు డబ్బున్నోళ్ళది. కుతుబ్ లాంటిది హైదరాబాదుకి ఒకటి, వరంగల్‌కో ఖమ్మానికో కనీసం బంతులు కొట్టుకునే మైదానం ఒకటి అడగడంలో తప్పేముంది? పద్దెనిమిది హోల్సు అక్కర్లేదు, నాలుగెకరాల చెల్కా, వలా, ఓపికున్న ఒక మాజీ క్యాడీ చాలు. అరవై వేల డ్రైవర్లు కొనేవాళ్ళు ఈ నగరంలో ఇంతమంది ఉన్నాం, ఒక్కరం కూడా ఈ మాట ఎక్కడా అడిగిన పాపాన పోలేదు. నాతో సహా.

సెవెన్ ఐరన్ ఆ పిల్లల దగ్గరే వదిలేసి వచ్చా, మా చిన్నాయన కొడుకు పూచీ మీద. పట్టు ఊడిపోతే సైకిలు ట్యూబు చుట్టారట, ఫోటో పంపాడు. బంతులు మూడు మిగిలాయంట. సంక్రాంతికి మళ్ళీ వెళ్తున్నా. మీ కారు డిక్కీలో వాడకుండా పడున్న పాత ఐరన్లో, గీతలు పడ్డ బంతులో ఉంటే చెప్పండి, ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తా. డ్రైవర్లు మాత్రం వద్దు.